ఒక దీర్ఘం తేడాతో

కొండమీది ఆస్పత్రి క్వార్టర్స్ నుంచి

చిట్టీ,

ఉత్తరం చూసి కంగారుపడకు. ఇక్కడ ఫోను పలకాలంటే నీళ్ళ ట్యాంకు ఎక్కాలి. ఎక్కి అరిస్తే మనింటి గుట్టు ఆస్పత్రి మొత్తానికీ తెలిసిపోతుంది. పైగా మీ అన్నయ్య పక్కనుండగా మాట్లాడే సంగతి కాదిది. అందుకే కాగితం.

నా పని బాగానే ఉంది. పట్టేసిన కాళ్ళూ చేతులూ ఎక్కడైనా ఒకటే కదా. కొత్త ఫిజియోథెరపీ గదికి పెద్ద కిటికీ ఉంది, మబ్బు లోపలికొచ్చి పేషెంట్ల పక్కన కూర్చుంటుంది. సముద్రం పిచ్చిదాన్ని తీసుకొచ్చి ఆరునెలలు కొండమీద పడేశారని నవ్వుకుంటున్నావా? నవ్వుకో.

అసలు సంగతి చెప్తా. మేమిద్దరం చివరిసారి గాలి సిలిండర్లు కట్టుకుని సముద్రంలోకి దిగినరోజు ఎప్పట్లాగే పడవ మాస్టారు మమ్మల్ని దించాడు. పగడాల గోడ వెంబడి ఈదుతున్నాం. మీ అన్నయ్య పలక తీసి ఏదో రాసి చూపించారు. నీళ్ళలో నోరు పెగలదు కదా, అందుకని నడుముకి ప్లాస్టిక్ పలకా పెన్సిలూ కట్టుకుంటాం. నేను వేలూ వేలూ కలిపి సున్నా చుట్టాను. అంటే 'సరే' అని. కాసేపాగి ఆయన బొటనవేలు పైకెత్తి చూపించారు.

ఒడ్డుమీద బొటనవేలంటే 'భేష్'. నీళ్ళలో కాదు. 'ఇక చాలు, పైకి పోదాం' అని అర్థం. ఇద్దరిలో ఎవరు చూపించినా రెండోవాళ్ళు నోరుమూసుకుని పైకి రావాల్సిందే, ఎందుకని అడక్కూడదు. అది అందరూ పాటించేదే. మేం దానికి ఇంకో ముడి వేసుకున్నాం. ఒడ్డెక్కాక కూడా అడక్కూడదు, చూపించినవాళ్ళే చెప్పాలి. అడిగితే ఇంకోసారి చూపించడానికి మొహమాటపడతారని.

ఆయన చెప్పలేదు. నేను అడగలేదు. సూట్లూ సిలిండర్లూ అటకెక్కాయి. నేను బయల్దేరేరోజు పెట్టె బస్సులో పెట్టి, 'జాగ్రత్త' అని ఎటో చూస్తూ అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా మొహం చూడకుండా ఆయన ఆ మాటనడం అదే మొదలు.

మామయ్యగారు సరిగ్గా ఈ వయసులోనే గుండెతో పోయారు చిట్టీ. అది తల్చుకుంటే నాకు నిద్రపట్టట్లేదు. కింది వాటాలోనే ఉంటావు కదా, కాస్త కనిపెట్టు. మెట్లెక్కితే ఆయాసపడుతున్నారా, ఎడమచెయ్యి గుంజుతోందంటున్నారా చూడు. నేనడిగానని మటుకు తెలియనివ్వకు.

మీ వదిన

*

కుట్టు షాపు, కింది వాటా నుంచి

వదినా,

బాగుంది వరస. మీరిద్దరూ చేపలకి పోటీగా మునుగుతుంటే ఒడ్డున తువ్వాళ్ళు పట్టుకుని కూర్చునేదాన్ని, ఇప్పుడు గూఢచారి ఉద్యోగం కూడానా? సరే, ఒప్పుకున్నా.

ఆయాసం లేదు. నిన్న నా కుట్టుమిషన్ ఎత్తుకుని మెట్లెక్కాడు, పైగా ఈలేశాడు. తిండికి లోటు లేదు. వండింది నేను కాబట్టి లోటు లేదు, అది వేరే సంగతి. కానీ మనిషి మనిషిలా లేడు. తన కళ్ళజోళ్ళ షాపుకి పొద్దున్నే పోతాడు, సాయంత్రం వస్తాడు, ఆ మధ్యన వచ్చినవాళ్ళందరితో తగువు. పాపం ఎవరో ముసలాయన పేపరు చదవడం కష్టంగా ఉందంటే 'చదివి ఏం బావుకుంటారు, మానెయ్యండి' అన్నాడట. షాపు ముందు బోర్డేమో 'నలభై దాటాయా? దాచకండి, చూపించండి' అని. లోపల చూస్తే ఈ మర్యాద.

నేనూ ఊరికే ఉండలేదు. 'అన్నయ్యా, మళ్ళీ ఎప్పుడు దూకుతారు?' అని మామూలుగా అడిగినట్టే అడిగా. 'నన్నెందుకు అడుగుతావు, మీ వదినని అడుగు' అన్నాడు. అని, తలుపు వేసుకున్నాడు. వేసుకోవడం కాదు, బాదాడు.

ఇదేం మాట వదినా? నిన్నెందుకు అడగాలి? ఇంతకీ ఆ పలకమీద ఏం రాశాడు? అది చెప్పకుండా సున్నా చుట్టానని ఊరుకుంటే నాకెలా తెలుస్తుంది?

ఇంకోటి. నీ అక్షరాలేంటి, గుమ్మడికాయలంత ఉన్నాయి? కొండమీద కాగితం చవకా?

చిట్టి

*

కొండమీది ఆస్పత్రి క్వార్టర్స్ నుంచి

చిట్టీ,

నన్నడగాలా? నన్నా? తలుపు మూసుకున్నది ఆయన, మొహం తిప్పుకున్నది ఆయన, జవాబు మటుకు నేను చెప్పాలి. ఉత్తరం చదివి కోపంతో నడకకి పోయాను, వాన తగిలింది, తడిసి తిరిగొచ్చాను. ఇప్పుడు తుమ్ములు. పీత కష్టాలు పీతవి.

పలకమీద ఏముంటుంది, ఎప్పుడూ ఉండేదే. ఏదో చేప గురించే అయ్యుంటుంది. మీ అన్నయ్య సంగతి తెలీదా? 'ఈ చేప అచ్చం మీ హెడ్ నర్సు' అనో, 'దీనికి నా షాపులో ఫ్రేమేదీ సరిపోదు' అనో రాస్తారు. ఆరోజు కూడా చూసి నవ్వాను. నవ్వితే కళ్ళకి పెట్టుకున్న అద్దాల ముసుగులోకి నీళ్ళొచ్చాయి, బాగా గుర్తు. నవ్వి, సరే అని, అటువైపు పోతున్న చిలకచేపని చూపించాను. పలక సంగతి వదిలెయ్, అక్కడేం లేదు.

నా భయమంతా ఆ బొటనవేలు గురించే. అంత హఠాత్తుగా ఎందుకు చూపించారు? నీళ్ళలో గుండె పట్టేస్తే ఎవరికైనా ముందు తోచేది పైకి పోవడమే. ఆ తర్వాత దాచిపెడతారు. వాళ్ళ నాన్నగారు కూడా దాచారు, అత్తయ్యగారికి చివరిదాకా తెలీదు. నువ్వప్పుడు చిన్నదానివి.

ఏ వంకతోనైనా సరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. గుండె పరీక్ష చేయించు. అబద్ధమాడు, ఏడువు, కిందపడి దొర్లు. ఆయన మళ్ళీ నీళ్ళలోకి రాకపోయినా ఫర్వాలేదు, నేనూ మానేస్తాను. మనిషి ఉంటే చాలు.

మీ వదిన

*

కుట్టు షాపు నుంచి

వదినా, వదినా, వదినా!

ముందు ఊపిరి పీల్చుకో. మీ ఆయన గుండె గుర్రంలా ఉంది.

ఎలా తీసుకెళ్ళానో విను. పొద్దున్నే గుండె పట్టుకుని నీ మంచంమీద పడ్డాను. 'అన్నయ్యా, నాన్నలాగే నాకూ...' అన్నాను. పాపం, చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో పిలిచాడు. డాక్టరుగారితో గుసగుసగా 'నాకు కాదండీ, ఆయనకి చూడాలి' అన్నా. డాక్టరు ఘటికుడు. 'మీది కుటుంబ జబ్బు కాబట్టి ఇద్దరికీ తీస్తాం' అని అన్నయ్యని కూడా పడుకోబెట్టి తీగలు తగిలించాడు, తర్వాత బెల్టుమీద నడిపించాడు. కాగితం చూసి, 'మీకు దివ్యంగా ఉంది, మీ చెల్లెలుగారికే కాస్త బరువు తగ్గాలి' అన్నాడు. కొండను తవ్వి ఎలుకను పడితే ఆ ఎలుకని నేనయ్యాను!

ఇంటికొచ్చాక బయట నిలబడి ఏడ్చాను వదినా. నాన్న పోయినప్పుడు ఏం జరుగుతోందో తెలీక ఏడవలేదు, అది కూడా కలిపి ఏడ్చాను. అన్నయ్యకి నా నాటకం అర్థమైంది. తిట్టలేదు. పక్కన కూర్చుని 'గుండె కాదే పిచ్చిమొహమా' అన్నాడు. అలా మొదలుపెట్టి ఒక ముక్క బయటపెట్టాడు, మిగతాది ఎంత అడిగినా నోరు కుట్టేసుకున్నాడు. కాగితం అయిపోయింది, ఆ ముక్క అంచున రాస్తా.

చిట్టి

(కాగితం అంచున, నిలువుగా, సన్నటి అక్షరాల్లో)

అన్నయ్య బాధంతా కళ్ళదే. దగ్గరివి ఆనట్లేదట. నీకు చెప్పొద్దన్నాడు, నా నోట్లో నువ్వుగింజ నానదని తెలిసి కూడా.

*

కొండమీది ఆస్పత్రి క్వార్టర్స్ నుంచి

నా బంగారు చిట్టీ,

గుండె కాదు! నీ ఉత్తరం పట్టుకుని వార్డులో తిరిగాను. నడక నేర్చుకుంటున్న మామ్మగారు 'ఏమ్మా, జీతం పెంచారా?' అంది. అంతకన్నా పెద్దది మామ్మా అన్నాను.

నువ్వు అంచుమీద గీకింది చీమల బారులా ఉంది, అయినా అసలు మాట పట్టుకున్నా. బాధంతా కాళ్ళదా! ఓరి నాయనో, మోకాళ్ళ నెప్పికా ఇంత మూగనోము? ఇప్పుడన్నీ అర్థమవుతున్నాయి. పొడుగాటి రెక్కల చెప్పులు తొడుక్కుని ఈదితే మోకాలు గుంజుతుంది, అందుకే బొటనవేలు. రోజుకి అంతమంది కాళ్ళు బాగుచేసే పెళ్ళాం ఇంట్లో ఉండగా దాచుకున్నారంటే ఏమనాలి? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటే ఇదే మరి.

కోపం లేదులే. అంత హాయిగా ఉంది నాకు. విడిగా రెండు కాగితాలు పెడుతున్నాను, బొమ్మలు వేసి మరీ రాశాను. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి ఆపాలి. గోడకి వీపు ఆనించి సగం దాకా కూర్చుని లేవాలి. మోకాలి కింద దిండు పెట్టుకుని నొక్కాలి. నువ్వు దగ్గరుండి చేయించు, తప్పించుకుంటే నాకు రాయి. మెట్లు ఎక్కడం తగ్గించమను, నీ మిషన్లు మొయ్యొద్దను.

నిన్న రాత్రి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను.

మీ వదిన

*

కుట్టు షాపు నుంచి

వదినా,

ఈ ఉత్తరం పొద్దున మొదలుపెట్టాను. సాయంత్రానికి సంగతి మారిపోయింది. పొద్దున రాసింది చింపేద్దామనుకుని మానేశాను. ఆ తిట్లు కూడా నీకు చేరాలి.

పొద్దున రాసింది: ఇంత రాతిగుండె అనుకోలేదు నిన్ను. అన్నయ్య మొత్తం చెప్పేశాడు. నీ వ్యాయామం కాగితాలు పైకి తీసుకెళ్ళి చదివానా, మొహం మాడిపోయింది. 'కళ్ళని చెప్తే కాళ్ళకి మందు పంపిందా? ఇంకా ఎగతాళేనా?' అన్నాడు. ఏ ఎగతాళి అంటే అప్పుడు బయటపడింది. ఆరోజు నీళ్ళలో సిలిండర్లో గాలి ఎంత మిగిలిందో చూపే ముల్లు వాడికి కనపడలేదట. అంకెలన్నీ అలుక్కుపోయాయట. ఊరందరికీ కళ్ళద్దాలిచ్చేవాడు ఆ మాట నోటితో చెప్పుకోలేక, పలకమీద రాసి నీకు చూపించాడట, 'ముల్లు ఆనట్లేదు, భయమేస్తోంది' అని. నువ్వు నవ్వావట. నవ్వి, సరే అని, చేపని చూపించావట. 'భయమేస్తోందని జన్మలో మొదటిసారి ఒప్పుకున్నానే చిట్టీ, నవ్వేసింది. ఇంటికొచ్చాక కూడా ఒక్క మాటైనా అడగలేదు. ఇక నేనేం మాట్లాడతాను?' అన్నాడు. వాడి గొంతు వింటే నాకు నిన్ను చేత్తో చరవాలనిపించింది. నవ్వానని నువ్వే నాకు రాశావు కదా! చేప గురించి అని బొంకావు కదా!

సాయంత్రం రాస్తున్నది: వదినా, నీ ఈడు పంతులమ్మ ఒకావిడ జాకెట్టు కొలతలిచ్చి, నేను రాసిన చీటీ తీసుకుని చెయ్యి బారెడు చాపింది. వెనక్కి, ఇంకా వెనక్కి. 'నువ్వే చదువమ్మా, నీ రాత చీమల బారులా ఉంది' అంది.

చీమల బారు. నీ మాటే. నా చేతిలో కత్తెర అలాగే ఆగిపోయింది. లోపలికి పరిగెత్తి నీ ఉత్తరాలన్నీ పక్కపక్కన పరిచాను. గుమ్మడికాయలు. అంచున నేను రాసింది కళ్ళు. నువ్వు చదివింది కాళ్ళు. ఒక్క దీర్ఘం!

అందుకని ఇక్కణ్ణుంచి కాగితానికి ఒక్క ముక్కే రాస్తున్నా, అరచేతులంత అక్షరాల్లో.

ఆ పలక

నువ్వు

చదివావా?

చిట్టి

*

కొండమీది ఆస్పత్రి క్వార్టర్స్ నుంచి

చిట్టీ,

చదవలేదు.

ఇది మామ్మగారి కళ్ళద్దాలు అరువు తెచ్చుకుని రాస్తున్నాను. నీ ఉత్తరాలన్నీ మళ్ళీ మొదట్నుంచి చదివాను. అంచున రాసింది ఎంత స్పష్టంగా ఉందో! కళ్ళు కళ్ళలాగే ఉన్నాయి. చదివి ఎంతసేపు ఏడ్చానో చెప్పను. మామ్మగారు మటుకు 'నా అద్దాలు తడపకు' అంది.

రెండేళ్ళుగా నాకు దగ్గరివి ఆనట్లేదు. నా పని చేతులతో కనక నెట్టుకొచ్చాను. మందుచీటీలు నర్సు చదువుతుంది. ఇంట్లో చిన్న అక్షరాలన్నీ మీ అన్నయ్యకి ఇచ్చేదాన్ని, ఆయనేమో 'కాస్త లైటు వెయ్యి' అనేవారు. ఆయనకి చెప్పాలంటే సిగ్గు. వెంటనే కుర్చీలో కూర్చోబెట్టి, 'చత్వారం వచ్చిందోయ్, ముసలిదానివైపోయావ్' అని షాపులో అందరిముందూ అంటారని. అనేది ప్రేమగానే. అయినా సిగ్గు.

నీళ్ళలో అన్నీ కాస్త పెద్దగా కనపడతాయి, అందుకని మొదట్లో ఇబ్బంది లేదు. తర్వాత పలక కూడా మసకబారింది. ఎలాగూ చేపల జోకులే కదా అని చూడగానే నవ్వడం అలవాటు చేసుకున్నాను. ఆయన భయమని రాసి చూపిస్తే నేను నవ్వాను చిట్టీ. అద్దంలోంచి ఆయన కళ్ళు నన్నే చూస్తున్నాయి, నేను చేపని చూపించాను. 

ఇంకోటుంది, అది నీకొక్కదానికే. నీళ్ళలో మాకో పద్ధతి ఉంది. మధ్యమధ్యలో నా గాలి మీటరు ఆయనవైపు తిప్పుతాను, ఆయన చూసి సరే అంటారు. ఆయన మీటరు నావైపు తిప్పుతారు, నేను సరే అంటాను. ఆయనకి ఎంత గాలి ఉందో నాకేం తెలుసు? అయినా సరే అనేదాన్ని. నా ముల్లు ఆయన చూస్తున్నారన్న ధీమాతో ఆయన ముల్లు చూడకుండానే సున్నా చుట్టాను. ఏమన్నా అయ్యుంటే? ఈ ముక్క ఆయనకి నువ్వు చెప్పకు. నేనే చెప్పాలి.

పలక చదవలేదన్న సంగతి మటుకు ఈ క్షణమే పైకెళ్ళి చెప్పు. ఈ ఉత్తరం కింద పెట్టకుండా వెళ్ళు.

మీ వదిన

*

కుట్టు షాపు నుంచి

(అక్షరాలు పెద్దవిగానే రాస్తున్నా)

వదినా,

చెప్పాను. మీటర్ల ముక్క మింగేసి, మిగతాదంతా.

ముందు నమ్మలేదు. నీ గుమ్మడికాయలూ, కాళ్ళ కాగితాలూ చూపించాను. వాటిని చెయ్యి బారెడు చాపి పట్టుకుని చూశాడు. చూసి, 'అంటే అది నవ్వింది నన్ను చూసి కాదన్నమాట' అన్నాడు. ఇంకోసారి అన్నాడు. తర్వాత నేలమీద చతికిలబడి నవ్వడం మొదలెట్టాడు, నవ్వు మధ్యలో చొక్కాతో కళ్ళు తుడుచుకున్నాడు. నేను కూడా చీర చెంగు వెతుక్కున్నా. 'కళ్ళజోళ్ళవాడి పెళ్ళానికి చత్వారం, రెండేళ్ళుగా వాడికే తెలీదు' అన్నాడు. దీపం కింద చీకటి అన్నయ్యా, ఆ దీపానికి కూడా చీకటే అన్నాను.

ఇప్పుడు షాపు తలుపు సగం మూసి లోపల అద్దాల అరగదీతలో ఉన్నాడు. అటకమీంచి మీ సంచులు దించాడు. రెండు ముసుగుల అద్దాలకీ కింది అంచున అర్ధచంద్రాల్లాంటి బిళ్ళలు అతికిస్తున్నాడు. నిటారుగా చూస్తే సముద్రం, కిందికి చూస్తే అంకెలు. నీ పవరు నేను ఉత్తరంలో కనుక్కోవాలట. మామ్మగారి అద్దాల నంబరు పంపు. ముందు తన కళ్ళు ఎవరు పరీక్ష చెయ్యాలని తెగ ఆలోచించి, చివరికి అక్షరాల అట్ట నా చేతికిచ్చాడు. మూడో వరసలోనే బోల్తా పడ్డాడు. షాపు ముందు బోర్డు కింద నిలబెట్టి 'దాచకండి, చూపించండి' అని గట్టిగా చదివించాను. అది పెద్ద అక్షరాలు కాబట్టి చదివాడు.

మీ ఇద్దరికీ ఒక మాట. నేను ఒడ్డున తువ్వాళ్ళు పట్టుకుని కూర్చున్నన్నాళ్ళూ, కింద ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటున్నారనే ధైర్యంతో కూర్చున్నా. ఇద్దరూ చూడట్లేదని ఇప్పుడు తెలిసింది. మళ్ళీ ఇలాంటిది చేస్తే తువ్వాళ్ళివ్వను, తడిబట్టలతో ఇంటికి నడవండి.

సెలవు ఎప్పుడు దొరుకుతుంది?

చిట్టి

*

పడవల రేవు, టీ బల్ల మీంచి

చిట్టీ,

సెలవు దొరకగానే బస్సెక్కి రేవుకే నేరుగా వచ్చాను, మీ అన్నయ్య అప్పటికే సంచులతో కూర్చుని ఉన్నారు. ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలీలేదు. 'మోకాళ్ళెలా ఉన్నాయి?' అన్నాను. 'కళ్ళెలా ఉన్నాయి?' అన్నారు. ఆ తర్వాత పడవ మాస్టారు వచ్చి 'దిగుతారా, ఇక్కడే నవ్వుకుంటారా?' అని కసిరేదాకా నవ్వుకుంటూనే ఉన్నాం.

దిగాం. పగడాల గోడ దగ్గర నా మీటరు నేనే చూసుకున్నాను. ముల్లు, అంకెలు, గీతలు, అన్నీ! ఆయన మీటరు కూడా లాక్కుని చూశాను, కావలసినంత గాలి ఉంది. అప్పుడు ఆయన నడుముకున్న పలక తిప్పాను. ఆరోజు రాసింది చెరపకుండా అలాగే అటకెక్కించారు, పెన్సిలు గీత నీళ్ళకి పోదు. అక్కడ నీకు చెప్పిన రెండు ముక్కలే కాదు, ఇంకోటి కూడా ఉంది చిట్టీ. సిగ్గుపడి నీకు చెప్పలేదు. 'ముల్లు ఆనట్లేదు. నీది కూడా చూడకుండానే ఇన్నాళ్ళూ సరే అంటున్నా. భయమేస్తోంది. పైకి పోదాం' అని ఉంది.

నీది కూడా! ఇన్నాళ్ళూ ఇద్దరం ఒకళ్ళ ముల్లు ఒకళ్ళకి చూపించుకుని, ఇద్దరం గుడ్డిగా సున్నాలు చుట్టుకుంటూ తిరిగాం. పైన పడవ మాస్టారు గడియారం చూసి, నిచ్చెనని ఇనప కమ్మీతో టంగుమని కొట్టి పిలిచేవాడు కనక బతికి ఉన్నాం. ఆయనకి ఈరోజు ఒంగి దండం పెడితే 'ఏమ్మా, ఏదైనా తప్పు చేశారా?' అన్నాడు.

నేను పెన్సిలు తీసుకుని ఆయన రాసినదాని కింద 'నేనూ' అని రాశాను.

ఆయన కిందికి చూసి చదివారు. చదివారు చిట్టీ! కళ్ళు పెద్దవి చేసి నన్ను చూశారు, మళ్ళీ చదివారు, నవ్వితే ముసుగు నిండా నీళ్ళు. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. బొటనవేలు ఎవరమూ చూపించలేదు, కమ్మీ మోగేదాకా అక్కడే ఉన్నాం.

ఇది టీ కొట్టు కుర్రాడి చేతికిచ్చి పంపుతున్నా. తువ్వాళ్ళు సిద్ధం చెయ్యి, వెనకే వస్తున్నాం. ఇక నీ ఇష్టం వచ్చినంత సన్నగా రాసుకో, అంచులమీద కూడా. అన్నీ చదువుతాను.

మీ వదిన

(అంచున, నిలువుగా, సన్నటి అక్షరాల్లో, వేరే చేతిరాత)

చిట్టీ, ఆ కాళ్ళ కాగితాలు పారెయ్యకు. రోజూ చేస్తున్నా. నిజంగానే మోకాళ్ళ నెప్పి తగ్గింది. మీ వదినకి చెప్పకు.

(దాని కిందే, ఇంకా సన్నగా)

చదివాను.